కట్టు అను మాట – బ్రౌను దొర జీవితము

కోనసీమకు తలవాకిలి వంటి ఆత్రేయపురము ప్రాంతమున, గౌతమీ గోదావరి గట్టున వాడపల్లి యను గ్రామము కలదు. అచట వెలసిన వేంకటేశ్వరస్వామిని వరుసగా ఏడు శనివారములు దర్శించినచో కోరిక యీడేరునని జనుల నమ్మకము. ఒక శనివారము ఉదయమున అచట నిలిచి, వచ్చుపోవువారి మాటలకు చెవి యొగ్గినచో ఒక వింత తోచును. ఒక తల్లి ముడుపు కట్టితినని చెప్పును. ఆమె కూతురు క్రొత్త చీర కట్టుకొని వచ్చినది. పూలమ్మి దండ కట్టుచున్నది. దుకాణదారుడు పూతరేకులు పొట్లము కట్టుచున్నాడు. భక్తులు బారులు కట్టిరి. ఒక రైతు నీటితీరువ కట్టవలెనని తొందరపడుచున్నాడు. వేరొకడు ఇల్లు కట్టుటకు ఇసుక దొరకుట లేదని వాపోవుచున్నాడు. కాలికి దెబ్బ తగిలిన పిల్లవానికి ఎవరో కట్టు కట్టిరి. పడవవాడు తన పడవను గుంజకు కట్టి గట్టెక్కినాడు.

ఇన్ని పనులకును తెలుగువానికి ఒక్కటే క్రియ. ఇందులో ఏ మాటయు వినువారికి సందేహము కలిగింపదు. కాని బడిలో ఆంగ్ల పాఠము చెప్పునప్పుడు టై అను క్రియ వచ్చినచో, కట్టుట అని ఒక్క ముక్కలో అర్థము చెప్పి మనము ముందునకు సాగిపోదుము. శ్రద్ధగల విద్యార్థి దానిని నమ్మి, ఇంటిని టై చేసితినని, పన్ను టై చేసితినని వ్రాసినప్పుడు నవ్వుదుము. ఆంగ్లేయుడు ఇల్లు నిర్మించును, చీర ధరించును, పన్ను చెల్లించును. వీనిలో దేనికిని అతనికి త్రాడు అవసరము లేదు. అట్లే వాని టై కూడ మన కట్టుకు లొంగదు. ఆటలో రెండు జట్లు సమానమైనచో అది టై. మెడకు వ్రేలాడు గుడ్డపేలిక టై. దూలములను ఎడమగాకుండ పట్టియుంచు అడ్డకమ్మి టై. బంధుత్వములు టైలు. అమెరికావారికి రైలు పట్టాల క్రింది దిమ్మ కూడ టైయే. పిల్లవాని తప్పులో తెలివిలేమి లేదు. ఒక భాషలోని మాటకు మరియొక భాషలో సరిగా అంతే కొలత గల మాట యుండునని అతడు నమ్మినాడు, అంతియే. ఆ నమ్మకము నిజము కాదని గ్రహించి, ఆ చిక్కు విప్పుటకే తన జీవితములో అధికభాగమును వెచ్చించిన ఒక పరదేశీయుడు కలడు. ఆయనయే ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను.

బ్రౌను 1798 నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించెను. తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ మతాచార్యుడు. కుంపిణీ ఉద్యోగులకు దేశభాషలు నేర్పుటకై వెలసిన ఫోర్టు విలియం కళాశాలకు పెద్ద. ఆ నగరముననే 1786లో సర్ విలియం జోన్సు సంస్కృతమునకును గ్రీకు, లాటిన్ భాషలకును ఒకే మూలముండవలెనని చాటియుండెను. ఆంగ్లభాషయు ఆ కుటుంబములోనిదే. మన కట్టుట అను పనికి సంబంధించి ఇందులో ఒక చక్కని సాక్ష్యము కలదు. ఆంగ్లమున కట్టుటకు బైండ్ అను మరియొక క్రియ యున్నది. సంస్కృతమున బంధ్ అను ధాతువున్నది. ఈ రెండును ఒక తల్లి బిడ్డలే. పుస్తకమునకు బైండు చేయించునపుడును, బంధువులను పిలుచునపుడును మనము తెలియకయే ఒక పురాతన ధాతువును పలుకుచున్నాము.

తండ్రి 1812లో మరణించుటచే కుటుంబము ఇంగ్లండు చేరెను. బాలుడు హెయిలీబరీలోని కుంపిణీవారి కళాశాలలో చదివి, 1817 ఆగస్టులో ఉద్యోగార్థియై మదరాసు రేవున దిగెను. అక్కడి సెయింట్ జార్జి కోట కళాశాలలో వెలగపూడి కోదండరామ పంతులు వద్ద తెలుగు ఓనమాలు దిద్దెను. ఆయన వచ్చుటకు ముందటి సంవత్సరమే, 1816లో, ఆ కళాశాలకు చెందిన ఎల్లిస్ అను పండితుడు తెలుగు సంస్కృతము నుండి పుట్టలేదనియు, తమిళ కన్నడములు దానికి తోబుట్టువులనియు నిరూపించెను. కట్టు అను మాటయే దీనికి ఒక చిన్న తార్కాణము. తమిళునికి కట్టు, కన్నడిగునికి కట్టు, మనకును కట్టు. అందుచే తెలుగువాని నాలుకపై రెండు కుటుంబముల మాటలు ప్రక్కప్రక్కనే నిలిచియున్నవి. కట్టు, కట్ట, కట్టుబాటు, కట్టుబడి అనునవి ఇంటివి. బంధము, సంబంధము, నిబంధన, ప్రబంధము అనునవి సంస్కృతము నుండి వచ్చినవి.

1820లో పరీక్ష యందు తేరి, బ్రౌను కడప కలెక్టరునకు సహాయకుడుగా నియమింపబడెను. వయస్సు ఇరువదిరెండు నిండలేదు. కచేరీలో వినవచ్చు తెలుగు ఒక తీరు, పండితుల తెలుగు ఒక తీరు, అర్జీ పట్టుకొని వచ్చు రైతు తెలుగు మరియొక తీరు. శిస్తు కట్టుట యనిన నేమి, ఇనాము భూమిపై కట్టుబడి యనిన నేమి, బండి కట్టుట యనిన నేమి తెలియనివాడు ఆ రైతు మొరను ఎట్లు ఆలకించును? ఎద్దులను కాడికి పూన్చి ప్రయాణమునకు సిద్ధము చేయుటయే బండి కట్టుట యని ఎరుగని న్యాయాధికారి, సాక్షి మాటను తలక్రిందులుగా వ్రాసికొనడా? భాష తెలియకపోవుట పండితునికి లోపము మాత్రమే. అధికారికి అది అన్యాయము. ఈ ఎరుకయే బ్రౌను చదువునకు పునాది.

1822లో ఆయన మచిలీపట్టణమునకును, 1825లో రాజమహేంద్రవరమునకును మారెను. ఈనాటి కోనసీమ అప్పటి రాజమహేంద్రవరము జిల్లాలోనిది. ఈ సంవత్సరములలోనే ఆయన దృష్టి మాటల నుండి పద్యములపైకి మరలెను. దుబాయి అను ఫ్రెంచి మతగురువు వ్రాసిన గ్రంథమున వేమన ప్రస్తావన చూచి, 1824 నుండి ఆ కవి పద్యముల వ్రాతప్రతులను సేకరించుట కారంభించెను. పద్యములు అర్థము కావలెననిన అవి ఏ కొలతతో కట్టబడినవో తెలియవలెను. కాబట్టి ఛందస్సు నేర్చి, 1827లో తెలుగు సంస్కృత ఛందస్సులపై ఆంగ్లమున ఒక పుస్తకమును ప్రకటించెను. 1829లో 693 వేమన పద్యములు ఆంగ్లానువాదముతో అచ్చయ్యెను. 1839 నాటి రెండవ కూర్పులో ఆ సంఖ్య 1164కు పెరిగెను. పామరుల నోట నిలిచియున్న కవిని పుస్తకమున కెక్కించి ఇతర దేశములకు తెలియజేసినవాడు బ్రౌను.

ఆ కాలమున మన సాహిత్యము ఏ స్థితిలో నుండెనో విద్యార్థులు ఊహించుకొనవలెను. కావ్యములు తాటియాకులపై గంటముతో వ్రాయబడియుండెను. ఆకులకు రంధ్రములు చేసి, త్రాడు గ్రుచ్చి, పైనను క్రిందను చెక్కపలకలుంచి కట్టెడివారు. ఆ కట్ట యుండినంతవరకే అది గ్రంథము. త్రాడు తెగినచో ఆకులు చెదరును, వరుస తప్పును, ఒక పర్వములోని ఆకు మరియొక దానిలో చేరును. చెదలు, తేమ, అశ్రద్ధ తక్కిన పనిని పూర్తిచేయును. ఒక్కొక్క వ్రాయసగాని పొరపాటు తరువాతి ప్రతులన్నిటిలోను పిల్లలు పెట్టును. బ్రౌను ఒకే కావ్యమునకు పలుచోట్ల నుండి పలుప్రతులు తెప్పించి, పండితులచే పోల్చి చదివించి, పాఠభేదములు గుర్తింపజేసి, కాగితముపై శుద్ధప్రతి వ్రాయించి, బైండు కట్టించెడివాడు. కడపలో ఒక బంగళాను కొని అందు పండితులకును వ్రాయసకాండ్రకును తన సొంత డబ్బుతో జీతములిచ్చి పోషించెను. జనులు దానిని బ్రౌను కాలేజీ యనిరి. జీతము చాలక అప్పులపాలయ్యెను. కడపలోను బందరులోను పిల్లలకు ఉచిత పాఠశాలలు కూడ నడపెను.

ఇచట ఒక మాట చెప్పవలెను. పేరు బ్రౌనుదైనను ఈ పనిలో చేతులు అనేకులవి. జూలూరి అప్పయ్యశాస్త్రి మొదలగు పండితుల పాండిత్యము లేనిదే ప్రబంధముల వ్యాఖ్యానములు వెలువడియుండవు. ఆ వ్రాయసకాండ్రలో పలువురి పేరైనను నేటి విద్యార్థికి తెలియదు. ధనము, పట్టుదల, పద్ధతి బ్రౌనువి; తరతరముల నుండి వచ్చిన జ్ఞానము వారిది. రెండును ముడిపడినందుననే పని నెరవేరెను.

1832-33లో నందన నామ సంవత్సరపు కరువు వచ్చెను. జనులు దానిని డొక్కల కరువనిరి. ఒక్క గుంటూరు జిల్లాలోనే, ఐదు లక్షల జనములో సుమారు లక్షన్నర మంది నశించిరని అంచనా. బ్రౌను అప్పుడు గుంటూరు ప్రాంతమున అధికారిగా నుండెను. ప్రభుత్వ పత్రములందు ధాన్యపు కొరత యను మెత్తని మాట చెల్లుచుండగా, ఆయన కరువును కరువనియే వ్రాసెను. పైవారికి అది రుచింపలేదు. నిఘంటువు వ్రాయువానికి మాటల బరువు తెలియును. ఆకలితో చచ్చువాని యెదుట కొరత యను మాట అబద్ధము. పై అధికారులతో ఏర్పడిన ఇటువంటి ఘర్షణల నడుమ 1834లో ఆయన ఉద్యోగము పోయెను. అప్పులతో, అవమానముతో ఇంగ్లండునకు మరలెను.

పని లేని ఆ దినములు కూడ తెలుగునకే ఉపయోగించెను. లండనులోని కుంపిణీవారి గ్రంథాలయమున, పట్టించుకొనువారు లేక పడియున్న దక్షిణదేశపు వ్రాతప్రతులు ఆయన కంటబడెను. అవి 2106. వానిని చదువగలవారున్న చోటికే పంపవలెనని పట్టుబట్టి మదరాసునకు చేర్పించెను. నేడు మదరాసు ప్రాచ్యలిఖిత గ్రంథాలయమున నున్న సంపదలో అదియు ఒక భాగము. తాను సేకరించిన ప్రతులను కూడ తన వద్ద దాచుకొనక మదరాసు లిటరరీ సొసైటీకి అప్పగించెను.

1838లో ఆయన మరల మదరాసు వచ్చి ప్రభుత్వ పారసీక అనువాదకుడయ్యెను. అనంతరము తపాలాశాఖకు అధిపతిగా కూడ పనిచేసెను. పారసీకమున కట్టుటను తెలుపు ధాతువు కూడ సంస్కృత బంధ్ ధాతువునకు చుట్టమే. మన పోలీసు బందోబస్తు ఆ ఇంటినుండి వచ్చిన మాట. కట్టుదిట్టమనియే దాని అర్థము. తెలుగువాని మాటలో దేశ్యము, సంస్కృతము, పారసీకము, ఆంగ్లము ఎట్లు కలిసియున్నవో అనుదినము చూచుచున్న బ్రౌను, ఈ మాటలలో ఏదియు వెలివేయదగినది కాదని తలచెను. కచేరీలలో వాడు మిశ్రభాషాపదములకై ప్రత్యేకముగా ఒక నిఘంటువునే కూర్చుట అందువలననే.

ఆయనకు ముందు నిఘంటువులు లేకపోలేదు. బందరు వాస్తవ్యుడు మామిడి వెంకయ్య ఆంధ్రదీపికను కూర్చెను. దానిని ఆధారము చేసికొని కాంబెల్ 1821లో తెలుగు-ఆంగ్ల నిఘంటువును ప్రకటించెను. కాని కావ్యములలోని మాటలకు ప్రాధాన్యము హెచ్చు. బజారులోను పొలములోను వినవచ్చు మాటలకు తక్కువ. బ్రౌను 1840లో వ్యాకరణమును వెలువరించి, తరువాత 1852 మొదలు 1854 వరకు తన నిఘంటువులను అచ్చువేయించెను. తెలుగు-ఆంగ్ల నిఘంటువున వ్యవహారభాషను, కావ్యభాషను ఒకేచోట చేర్చెను. అర్థములను ఆంగ్లమున మాత్రమే గాక తెలుగునను ఇచ్చెను. కవుల ప్రయోగములను, జనుల నుడికారములను ప్రక్కప్రక్కనే నిలిపెను. ఆంగ్ల-తెలుగు నిఘంటువున ఆంగ్లపు నుడికారములను తెలుగు నుడికారములతో వివరించుటయే లక్ష్యముగా పెట్టుకొనెను.

కట్టు వంటి క్రియ వచ్చినప్పుడు నిఘంటుకారుని కష్టము ఎట్టిదో చూడుడు. దాని మూలార్థము త్రాటితో బిగించుట. బిగించినది కదలదు, కావున నీటిని కదలకుండ ఆపుటయు కట్టుటయే, నెయ్యి గడ్డకట్టుటయు కట్టుటయే. బిగించినది ఒకటితో నొకటి చేరును. కావున ఇటుకపై ఇటుక చేర్చి ఇల్లు కట్టుదుము, మాటకు మాట చేర్చి కథ కట్టుదుము, మనుష్యులు చేరి జట్టు కట్టుదురు. ఒడలికి చేర్చినది కట్టుబట్ట. చెల్లింపవలసిన దానిని లెక్కకు చేర్చినచో పన్ను కట్టుట. పందెమునకు డబ్బొడ్డినచో పందెము కట్టుట. తన్ను తాను ఒక మాటకు బిగించుకొనినవాడు కట్టుబడినవాడు. ఊరివారందరు కలిసి బిగించుకొనినది కట్టుబాటు. తాళి కట్టినచో రెండు కుటుంబములు చేరును; పాడె కట్టినచో ఒక జీవితము ముగియును. ఇన్ని అర్థములకును ఆంగ్లమున ఒక్క మాట దొరకదు. దొరకదని ఒప్పుకొని, ఒక్కొక్క వాడుకను విడివిడిగా పేర్కొని, దానికి తగిన ఆంగ్లమును వెదకుటయే నిఘంటువు పని. అది గ్రంథాలయములో కూర్చుండి మాత్రమే చేయదగినది కాదు, వినవలసిన పని.

బ్రౌను నిఘంటువు అచ్చులో నుండిన 1852వ సంవత్సరముననే గోదావరిపై మరియొక కట్టుట పూర్తియయ్యెను. 1821లో ఏడు లక్షల ముప్పది యెనిమిది వేలుగా నుండిన రాజమహేంద్రవరము జిల్లా జనసంఖ్య కరువులచేతను వలసలచేతను ఇరువది సంవత్సరములలో ఐదు లక్షల అరువది యొక్క వేలకు దిగిపోయెను. ప్రతియేట సముద్రము పాలగు నీటిని నిలిపి పొలములకు మరల్చవలెనని ఆర్థరు కాటన్ పూనుకొని, 1847లో పని ఆరంభించి, ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరముల వద్ద నాలుగు భాగములుగా ఆనకట్టను నిర్మించెను. వాడపల్లి పొలములకు కాలువనీరు దక్కుట దాని ఫలమే. 1982లో క్రొత్త బ్యారేజి దాని స్థానమును ఆక్రమించెను. ఒకడు నీటిని కట్టెను, ఒకడు మాటను కట్టెను. ఇరువురికిని మూలమొక్కటియే: వృథాగా పోవుచున్న దానిని చూచి ఊరకుండలేకపోవుట.

మరియొక చమత్కారము. ఆంగ్లేయులు ఇట్టి కట్టడమును అనికట్ అనిరి. అది తమిళమునందలి అణైకట్టు అను మాటయే. అట్లే దుంగలను త్రాళ్లతో జతచేసిన మన బెస్తల కట్టుమరము ఆంగ్లమున కాటమరాన్ అయి, నేడు లోకమంతట జంట అడుగులు గల నావలకు పేరై నిలిచినది. టై అను మాట మన బడిపిల్లల మెడకు చేరకముందే, మన కట్టు వారి నిఘంటువులలోనికి ప్రవేశించినది. భాషలు ఒకదానిని ఒకటి ఇట్లే కట్టుకొనుచుండును.

నిఘంటువుల అచ్చు ముగిసిన పిమ్మట బ్రౌను ఉద్యోగము విరమించి ఇంగ్లండు చేరెను. 1865లో లండను విశ్వవిద్యాలయ కళాశాలలో తెలుగు ఆచార్యుడయ్యెను. 1866లో తన సాహిత్యజీవితమును గూర్చి చిన్న పుస్తకము వ్రాసెను. ఆయన వివాహము చేసికొనలేదు, ఆలుబిడ్డలు లేరు. 1884 డిసెంబరు 12వ తేదీన, ఎనుబదియారేండ్ల వయస్సున, లండనులో కన్నుమూసెను. కెన్సల్ గ్రీన్ శ్మశానవాటికలో ఆయన సమాధి కలదు. ఏ రక్తసంబంధము లేని భాషకు తన్ను తాను కట్టివేసికొనిన మనుష్యుని కథ అట్లు ముగిసెను.

ఆయన పని ముగియలేదు. తెలుగు-ఆంగ్ల నిఘంటువు 1903లో రెండవసారి వెలువడినప్పుడు దానిని సవరించినవారిలో రాజమహేంద్రవరము వాస్తవ్యుడు కందుకూరి వీరేశలింగము పంతులు ఒకరు. 1970ల ప్రాంతమున బంగోరె బ్రౌను లేఖలను వెలికితీసి ఆయన జీవితమునకు క్రొత్త వెలుగునిచ్చెను. కడపలో ఆయన నివసించిన చోట జానమద్ది హనుమచ్ఛాస్త్రి కృషివలన గ్రంథాలయము వెలసినది. చికాగో విశ్వవిద్యాలయమువారు ఆ నిఘంటువును అంతర్జాలమున నుంచిరి. నేటి విద్యార్థి చేతిలోని ఫోనులోనే దానిని విప్పి చూడవచ్చును.

బ్రౌను నిఘంటువున పొరపాట్లు లేవని ఎవరును చెప్పరు. ఆయన కుంపిణీ ఉద్యోగి యనియు, శిస్తు వసూలు చేయు యంత్రములో ఒక భాగమనియు మరువరాదు. అయినను ఆయన నేర్పిన పాఠము ఉపాధ్యాయులకు నేటికిని పనికివచ్చును. విద్యార్థి ఒక మాటకు అర్థము అడిగినప్పుడు ఒక్క ప్రతిపదముతో నోరు కట్టివేయరాదు. ఆ మాటను ఎవరు, ఎచట, ఏ పని చేయుచు పలుకుదురో అతనిచే వెదకింపవలెను. వాడపల్లి గట్టున ఒక శనివారము నిలిచి, కట్టు అను మాట ఎన్ని విధముల వినబడునో వ్రాసికొని రమ్మని పంపినచో, ఆ పిల్లవాడు తెచ్చు పట్టిక ఏ అచ్చు పుస్తకమునకును తీసిపోదు. బ్రౌను దొర చేసినదియు అదియే. ఆయన ఒక శనివారముతో ఆపక, ముప్పది సంవత్సరములు విన్నాడు.